అప్‌డేట్: పీహెచ్‌డీ కోసం నేను చేసిన ఇంటర్వ్యూల డేటా గురించి అడిగాను కదా

ఆడియో, ట్రాన్స్‌క్రిప్టులు (ఆ మాటల రాతప్రతులు) ఎక్కడ దాచాలి, థీసిస్ అయ్యాక ఎంతవరకు బయటపెట్టొచ్చు అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మీరు చెప్పిన 3-2-1 పద్ధతే పెట్టుకున్నాను: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ, ఒకటి వేరే చోట. ఒరిజినల్ ఫైళ్లు రీడ్-ఓన్లీ, అంటే చదవడమే తప్ప మార్చడం కుదరదు. క్లీనింగ్ (డేటాను సరిచేసే పని) అంతా కాపీ మీదే.

పేర్లకు బదులు "పి07" లాంటి కోడ్‌లు పెట్టి, ఏ కోడ్ ఎవరిదో చెప్పే షీట్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి విడిగా ఉంచాను. అయినా పేరు తీసేస్తే సరిపోదండీ. ఉద్యోగం, ఊరు, వయసు కలిస్తే మనిషెవరో తెలిసిపోతుంది. అందుకే 34 అని ఉన్నచోట 30-39 అని మార్చాను. ఎక్కువ సమయం దీనికే పట్టింది, పట్టాలి కూడా. వాళ్లు మనల్ని నమ్మి మాట్లాడారు.

ఆడియో బయటికి ఇవ్వను, సమ్మతి పత్రంలో దానికి అనుమతి లేదు. ఒప్పుకున్నవాళ్ల ట్రాన్స్‌క్రిప్టులు మాత్రం రీడ్‌మీతో (ఫైళ్ల గురించి వివరించే నోట్‌తో) సహా జెనోడోలో, అంటే పరిశోధన డేటాను అందరికీ అందుబాటులో ఉంచే వెబ్‌సైట్‌లో పెడతాను, డీఓఐ (డేటాకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కూడా వస్తుంది. గైడ్ గారు సరేనన్నారు.