రెండు డ్రోన్ సర్వేలను పోల్చితే హిమానీనదం మధ్యలో ఉబ్బినట్టు వస్తోంది, కారణమేమిటి?

ప్రశ్న:
నమస్కారం. లాహౌల్‌లోని చంద్రా లోయలో రాళ్లూ మట్టీ కప్పేసిన ఒక చిన్న హిమానీనదం దిగువ భాగాన్ని మా బృందం వరుసగా రెండు సెప్టెంబరు నెలల్లో డ్రోన్‌తో ఫోటోలు తీసింది. డ్రోన్ నేలకు 100 మీటర్ల ఎత్తున, కెమెరా నేరుగా కిందికి చూసేలా, సమాంతర వరుసల్లో ఎగిరింది. గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లు (స్థానం కచ్చితంగా కొలిచి నేల మీద పెట్టే గుర్తు పలకలు) నాలుగే పెట్టగలిగాము, అవి కూడా కాలిబాట ఉన్న ఎడమ గట్టు మీదనే. రెండు సర్వేల డీఈఎంల (ప్రతి చోటా నేల ఎత్తును చూపే డిజిటల్ పటాల) తేడా తీస్తే అంచుల్లో మార్పు లేదు కానీ, నడిమధ్యలో ఉపరితలం మీటరుకు పైగా పెరిగినట్టు కనిపిస్తోంది. ఇది నిజమైన పెరుగుదలేనా?

జవాబు 1:
మీరు చెప్పిన ఆకారం చూస్తే నా అనుమానం మంచు మీద కాదు, లెన్స్ మీదికి పోతోంది. ఫోటోలన్నీ నిట్టనిలువుగా కిందికే చూస్తున్నప్పుడు, లెన్స్ వంకరను ఆ ఫోటోల నుంచే అంచనా వేసే సాఫ్ట్‌వేర్ ఆ అంచనాలో చిన్న పొరపాటు చేసినా, నేల మొత్తం బోర్లించిన పళ్లెంలాగానో గిన్నెలాగానో వంగిపోతుంది. జేమ్స్, రాబ్సన్ అనే పరిశోధకులు 2014లో దీన్ని వివరంగా చూపించారు. కెమెరాను 20 నుంచి 30 డిగ్రీలు వంచి తీసిన ఫోటోలు కొన్ని కలిపితే ఈ వంపు చాలావరకు తగ్గుతుంది. కంట్రోల్ పాయింట్లు కూడా రెండు గట్ల మీదా ఉండాలి (ఆ ఎత్తులో పలకలు మోసుకుని అవతలి గట్టు ఎక్కడం ఎంత కష్టమో నాకు తెలుసు). మళ్లీ వెళ్లే వీలు లేకపోతే, కదలని నేల ఫోటోల్లో తగినంత ఉన్న పక్షంలో, రెండేళ్ల ఫోటోలనూ ఒకే ప్రాజెక్టులో కలిపి అలైన్ చేసి (అంటే ఫోటోలను ఒకదానితో ఒకటి సరిపోల్చి కెమెరా స్థానాలు లెక్కగట్టి), ఆ తరువాత ఏ ఏటి డీఈఎంను ఆ ఏటికి విడిగా తయారు చేయండి.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. దిగువ భాగంలో మంచు ప్రవాహం ఉపరితలాన్ని పైకి నెట్టి కరుగుదలలో కొంత పూడుస్తుంది కాబట్టి, పెరుగుదల అనగానే తప్పని కొట్టిపారేయలేము. అయితే రాళ్లు కప్పిన, నెమ్మదిగా కదిలే నాలుకలో (హిమానీనదం దిగువ కొసలో) ఏడాదికి నికరంగా మీటరు పెరగడం నమ్మశక్యంగా లేదు. నేపాల్ లాంగ్‌టాంగ్ లోయలోని లిరుంగ్ హిమానీనదం మీద 2013 మే, అక్టోబరు నెలల్లో చేసిన డ్రోన్ సర్వేల్లో కరుగుదల అంతటా సమానంగా లేదు, మంచు గోడల దగ్గరా నీటి గుంటల దగ్గరా చాలా ఎక్కువగా ఉంది. మీ తేడా పటంలో అలాంటి మచ్చలు కనిపించకుండా నున్నటి ఉబ్బు మాత్రమే ఉంటే అది లెక్కలోని దోషమే. కదలని రాతి నేల మీద తేడా ఎంత వస్తోందో ముందు చూడండి. ఒక్కో డీఈఎంలో 10 సెంటీమీటర్ల యాదృచ్ఛిక దోషం ఉందనుకున్నా, 95 శాతం నమ్మకంతో 28 సెంటీమీటర్ల లోపు మార్పును మార్పుగా చెప్పలేము.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. సర్వే ప్రాంతం నడుమ, మంచులోంచి పైకి లేచిన ఒక రాతి దిబ్బ ఉంది. ఇప్పుడే చూశాను, అది కూడా 90 సెంటీమీటర్లు "పెరిగింది".