ట్యాబ్లెట్ మీద గీసింది బొమ్మ కాదా? ఇంట్లో మావయ్యతో రోజూ ఇదే గొడవ

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. నేను డిగ్రీ ఫైనలియర్. చిన్నప్పట్నించి బొమ్మలేస్తాను, రెండేళ్ళ కిందట పెన్ ట్యాబ్లెట్ కొనుక్కుని క్రిటా అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాంట్లో గీస్తున్నా. సంక్రాంతి సెలవుల్లో పొందూరు వెళ్ళినప్పుడు ఒక మామ్మగారు వాలుగ చేప దవడతో పత్తి ఏకుతుంటే చూశాను, ఆ దవడ పళ్ళు సన్న దువ్వెనలా ఉంటాయి, దాంతో దువ్వుతుంటే చెత్తంతా పోయి పీచు సాపుగా వచ్చేస్తుంది, ఆవిడ చేతుల మీద నుంచి నా చూపు కదల్లేదు. ఇంటికొచ్చి 19 రాత్రులు కూర్చుని ఆ బొమ్మ గీశాను. ఫొటో మీద ట్రేస్ చెయ్యలేదు, ఏఐ వాడలేదు, ప్రతి గీతా నా చేత్తో గీసిందే.

మా టౌన్లో చిత్రలేఖనం పోటీ పెడితే ప్రింటు తీయించి పట్టుకెళ్ళా. అక్కడున్నాయన ఒక్క చూపు చూసి "ఇది కంప్యూటర్ చేసింది కదమ్మా, మేం చేత్తో వేసినవే తీసుకుంటాం" అని పక్కన పెట్టేశారు. రూల్స్ కాగితంలో ఆ ముక్క ఎక్కడా లేదు. సరే, అది వదిలేద్దాం.

అసలు బాధ మావయ్యతో. ఆయన సైన్ బోర్డు ఆర్టిస్టు, ఏడురోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఒకప్పుడు సగం బోర్డులు ఆయనవే (అని ఆయనే చెప్తాడు). నాకు బ్రష్ పట్టుకోడం నేర్పింది కూడా ఆయనే. అలాంటాయన పోటీవాళ్ళ వైపు మాట్లాడుతున్నాడు. "మిషను గీసిందానికి నువ్వు పేరెట్టుకుంటావేటే? కరెంటు పోతే నీ బొమ్మ ఏటౌద్ది?" అంటాడు. నాకు జవాబు తట్టలేదు, ఏడుపొచ్చింది. మీరు చెప్పండి, ఇది ఆర్టా కాదా?

పలాస_జీడిపప్పు:

ఫోన్లో రెండు ముక్కలు టైపు కొడితే పది సెకన్లలో బొమ్మ వచ్చేస్తంది ఇప్పుడు, దానికి మళ్ళీ ఆర్టిస్టు అని పేరెందుకు చెల్లీ. పోటీవాళ్ళు చేసిందే కరెక్టు.

నాగావళి_గట్టు:

అన్నా ఏఐ వాడలేదని రాశాను కదా. పోస్టు మొత్తం చదివి మాట్లాడొచ్చుగా.

మూడులాంతర్ల_దగ్గర (విజయనగరం):

నాది ఫ్లెక్స్ డిజైనింగ్, పదకొండేళ్ళయింది ఈ పనిలోకొచ్చి. జనం మూడు వేరే వేరే పన్లని ఒకే గాటన కట్టేస్తున్నారు, గొడవంతా అక్కడే వస్తోంది. చెల్లి చేసేది బొమ్మ గీయడం, కాగితం బదులు ట్యాబ్లెట్, అంతే. నేను చేసేది అతుకుల పని, నాయకుడి ఫొటో కట్ చేసి వెనకాల ఆకాశం పెట్టి అను ఫాంట్స్‌లో పేరు కొట్టి కింద ఇరవైమంది అభిమానుల పాస్‌పోర్ట్ ఫొటోలు వరసగా పేర్చడం, దీన్ని నేనే ఆర్ట్ అనను, పొట్టకూడు అంటాను. మూడోది ఏఐ.

దాని సంగతి కూడా చెప్తా. పోయినేడు పైడితల్లమ్మ జాతర ముందు ఒక కస్టమర్ సిరిమాను బొమ్మ కావాలన్నాడు, ఆ వారం పని ఎంత ఒత్తిడో మా ఊరోళ్ళకి తెలుసు, టైం లేక ఏఐకి చెప్పాను. ఒకసారి రథం ఇచ్చింది. ఒకసారి కొబ్బరిచెట్టెక్కిన స్వామీజీని ఇచ్చింది. ఇంకోసారి ఓడ తెరచాప కొయ్య మీద కూర్చున్న మనిషి. అంత పొడుగు చింతమాను బండికి బిగించి, చివర ఆసనంలో పూజారి గాల్లో ఊగుతూ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంటే కిందనుంచి జనం అరటిపళ్ళు విసురుతారని దానికెవరు చెప్పారు? ఆఖరికి మౌస్‌తో నేనే గీశా, కొంచెం వంకరొచ్చింది గానీ చూసినోడు సిరిమానే అన్నాడు.

చెల్లీ, క్రిటాలో రికార్డర్ ఉంటుంది, గీస్తున్నంతసేపూ ఆన్‌లో పెట్టు, వీడియో అయిపోతుంది. ఈసారి ఎవరైనా కంప్యూటర్ చేసింది అంటే అది చూపించు. ఇప్పటికే గీసేసిన ఈ బొమ్మకైతే లేయర్లున్న (గీతలు, రంగులు, నీడలు విడివిడి పొరలుగా ఉండే) ఫైలు తెరిచి చూపించు చాలు.

పాత_బ్రష్షు (బొబ్బిలి):

నలభై ఏళ్ళు బోర్డులు రాసినోణ్ణి. నేను చెప్తంటే మా అబ్బాయి టైపు కొడతన్నాడు, తప్పులుంటే ఆడివి.

అమ్మా, మేం చేత్తో ఏసినోళ్ళం చేత్తో ఏసినోళ్ళం అని గుండెలు బాదుకుంటాం గదా, మేం మాత్రం గాల్లోంచి ఏసినామేటి? సినిమా బ్యానరుకి ఫొటో ఇస్తే దాని మీద చిన్న గళ్ళు కొట్టి, గుడ్డ మీద పెద్ద గళ్ళు కొట్టి, గడికి గడి దింపీసీవోళ్ళం. అక్షరాలు తిన్నగా రావాలంటే సుద్ద రాసిన దారం ఇద్దరం చెరోపక్క పట్టుకుని లాగి ఒదిలితే గీత పడీది. ఎలక్షన్లొస్తే ఒకటే గుర్తు ఊరంతా గోడల మీద ఎయ్యాల, రేకు కోసి దాని మీద రంగు కొట్టుకుంటా ఎలిపోడమే. ఇది రేకు ఏసింది, ఇది దారం గీసింది అని ఎవుడూ అన్లేదు మమ్మల్ని. ఆర్టిస్టు గారూ టీ తాగండి అన్నారు.

అయితే ఒకటుంది. గోడకి ఎనక్కెళ్ళడం లేదు. నిచ్చెన మీద నించుని ఎనామిల్ రంగుతో శ్రీకి వొంపు తిప్పుతున్నప్పుడు ఊపిరి బిగబట్టీవోణ్ణి, కింద సైకిలోడు బెల్లు కొట్టినా గుండె జారీది. కంప్యూటర్లో తప్పు గీస్తే రెండు మీటలు నొక్కితే పోద్దంట, మావోడు చెప్తన్నాడు. ఆ బయ్యం లేని చెయ్యి ఎలగుంటాదో నాకు తెల్దు. తక్కువని అన్ను. ఏరే చెయ్యి.

ఇంక అసలు మాట. ఫ్లెక్సులొచ్చిన కొత్తల్లో నేనూ మీ మావయ్యలాగే అన్నాను, అది కళ కాదు మిషను చెత్త అని. నా బోర్డుకి మూడ్రోజులు ఆగాల, ఫ్లెక్సు ఆ పూటే కట్టుకుని ఎలిపోవచ్చు, రేటూ తక్కువే, ఇంక షాపోడు నా కాడికెందుకొస్తాడు? ఒక్కో షాపూ పోయింది, ఆకరికి దీపావళికి కొత్త బట్టలు కూడా ఆలోచించుకుని కొనీ రోజొచ్చీసింది. నా కోపం కళ మీద పేమతో వొచ్చింది కాదమ్మా, కూలి పోయి వొచ్చింది. నా పని పోయింది అంటే చిన్నతనం. అది కళ కాదు అంటే పెద్దరికం. అందుకని అలగన్నాను. మీ మావయ్యనోసారి కూకోబెట్టి అడుగు, నీ బొమ్మ గురించి ఒద్దు, ఆయన బోర్డుల గురించి అడుగు.

మూడులాంతర్ల_దగ్గర:

బాబాయ్ గారూ, ఆ ఫ్లెక్సులు కొట్టినోళ్ళలో మేమూ ఉన్నాం, ఏమనాలో తెలీట్లేదు. ఇప్పుడు మా కస్టమర్లే ఇంట్లో ఏఐతో డిజైన్ చేసుకొచ్చి మా దగ్గర ప్రింట్ ఒక్కటే తీయించుకుంటున్నారు. మొన్న ఒకడితో "ఇది డిజైన్ కాదు బాబూ" అని గట్టిగా వాదించాను. మీ పోస్టు చదివాక ఆ మాట ఎక్కడ్నుంచొచ్చిందో తెలిసింది.

టెక్కలి_లా_స్టూడెంట్:

చట్టం వైపు నుంచి రెండు ముక్కలు. 1957 కాపీరైట్ చట్టంలో కళాకృతి అంటే ఏంటో చెప్పే చోట పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్, ఫొటో అని లిస్టు చెప్పి, అందులో కళాత్మకత ఉన్నా లేకపోయినా సరే అని రాసుంది. క్లాసులో సార్ ఇది చదివినప్పుడు అందరం నవ్వాం, కానీ ఆలోచిస్తే తెలివైన పనే, ఏది కళ అనే తగువు మా కోర్టుకి తేవద్దు అన్నట్టు. తర్వాత 1994 సవరణలో, కంప్యూటర్ ద్వారా పుట్టిన కృతికి కర్త ఎవరంటే అది పుట్టడానికి కారణమైన వ్యక్తి అని చేర్చారు. అప్పటికి ఇప్పుడున్న ఏఐలు లేవు కాబట్టి రెండు ముక్కలు టైపు కొట్టినవాడు ఆ వ్యక్తి అవుతాడా అనేది వాదించుకోవాల్సిన సంగతే.

అమెరికాలో అయితే 2022లో కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో ఏఐతో చేసిన బొమ్మకి డిజిటల్ విభాగంలో ఫస్ట్ ప్రైజ్ వచ్చి పెద్ద రచ్చయింది. చేసినాయన కనీసం 624 సార్లు ప్రాంప్టులు (ఏఐకి ఏం కావాలో టైపు కొట్టి చెప్పే మాటలు) మార్చి మార్చి కొట్టానన్నాడు, అయినా 2023లో అక్కడి కాపీరైట్ ఆఫీసు రిజిస్టర్ చెయ్యనంది. నాగావళి_గట్టు గారి కేసుకి దీంతో సంబంధమే లేదు. పెన్నుతో గీశారు, బొమ్మ మీద హక్కు మీదే, పోటీవాళ్ళు తీసుకున్నా తీసుకోకపోయినా.

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు:

వడ్డాది పాపయ్య గారు మన శ్రీకాకుళంలోనే పుట్టారు, 1921లో. ఆయన వేసిన ఒరిజినల్ మీలో ఎంతమంది చూశారు? చందమామ అట్ట మీద చూసి, అట్ట చింపి, మైదాపిండి ఉడకేసి గోడకి అంటించుకుని పెరిగాం మేం. అంటే మేం ప్రేమించింది ప్రెస్సులో పడ్డ సిరా చుక్కల్ని. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి దేవుళ్ళ బొమ్మలు అచ్చేశాడు, అలా అచ్చయిన లక్ష్మీదేవికే మా అమ్మ రోజూ బొట్టు పెట్టేది, ఒరిజినల్ కాదు కదా అని ఏనాడూ మానలేదు.

కంప్యూటర్ బొమ్మలు నిన్న మొన్నటివి అనుకోవడం కూడా పొరపాటు. వేరా మోల్నార్ అని హంగేరీలో పుట్టి పారిస్‌లో బతికిన చిత్రకారిణి 1968లోనే కంప్యూటర్‌తో గీయించింది. మొదట్లో ఆవిడకి తెర కూడా లేదు, ప్లాటర్ అనే యంత్రం పెన్నుతో కాగితం మీద గీసి పెడితే గానీ ఏం వచ్చిందో తెలిసేది కాదు. నేనైతే ఆవిడ ఓపికకే దండం పెడతాను.

ఇంత చెప్పి, నీకు నచ్చని మాట ఒకటి చెప్తానమ్మా. నేను జడ్జినైనా నీ బొమ్మని వాటర్‌కలర్ వరసలో పెట్టను. వాటర్‌కలర్‌కి నేను మార్కులేసేది నీళ్ళు ఎక్కడ వదిలాడు, ఎక్కడ ఆపాడు అని చూసి. నీ దాంట్లో నీళ్ళే లేవు. దానికి వేరే వరస పెట్టాలి, పెట్టకపోవడం వాళ్ళ బద్ధకం, నీ తప్పు కాదు. ఇంకోటి, ఫొటో స్టూడియోలో తళతళలాడే పేపరు మీద తీయించి ఉంటావు, అది చూడగానే పెళ్ళి ఆల్బమ్ గుర్తొస్తుంది ఎవరికైనా. మందపాటి మ్యాట్ కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో తీయించు. రేకు మీదో రాతి మీదో బొమ్మ వేసి అచ్చులు తీసే ఎచింగ్, లితో వాళ్ళలాగ పది కాపీలే అని పెట్టుకుని పెన్సిల్‌తో 1/10, 2/10 అని నంబరేసి సంతకం పెట్టు.

పలాస_జీడిపప్పు:

మాస్టారూ, ఫైలు ఆ పిల్ల దగ్గరే ఉంటాది కదా, పదకొండోది తీస్తే ఎవుడికి తెలుస్తాది?

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు:

తెలీదు. లితోవాళ్ళయితే అచ్చు అయిపోయాక రాతి మీద బొమ్మని అరగదీసేస్తారు. ఇక్కడ అమ్మాయి మాట నమ్మడమే. మంచి ప్రశ్నే అడిగావు, నా దగ్గర జవాబు లేదు.

నాగావళి_గట్టు:

అందరికీ థాంక్స్, లేటుగా వచ్చాను సారీ, ఇంటర్నల్స్ ఉన్నాయి. బొబ్బిలి తాతగారూ, మీరు చెప్పినట్టే బోర్డుల గురించి అడిగాను. ముందు "ఇప్పుడవెందుకే" అన్నాడు, తర్వాత గంటన్నర ఆపలేదు. ఏ షాపుకి ఏ రంగు, ఎవరు డబ్బులెగ్గొట్టారు, ఒకాయన తన పేరులో దీర్ఘం పెట్టలేదని బోర్డు మొత్తం మళ్ళీ రాయించడం, అన్నీ. సాయంత్రం బండి మీద ఎక్కించుకుని ఒక సందులోకి తీసుకెళ్ళాడు, మూసేసిన టైలర్ షాపు, పైన ఆయన రాసిన బోర్డు, సగం పెచ్చులూడిపోయింది, కత్తెర బొమ్మ మాత్రం అలాగే ఉంది. ఇద్దరం కాసేపు చూసి వచ్చేశాం. ఫ్లెక్సుల గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

రాత్రి నేనే ల్యాప్‌టాప్ తెరిచి లేయర్లు ఒక్కోటీ ఆఫ్ చేసుకుంటూ చూపించాను, రంగులు పోయి, నీడలు పోయి, కింద పెన్సిల్ గీతల్లాంటివి మిగిలాయి. అప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నాడు. పెన్ను తీసుకుని ఒక గీత లాగి "జారిపోతందేటి, గరుకు లేదు దీనికి" అన్నాడు. తర్వాత చాలాసేపు మామ్మగారి చేతుల్నే చూసి "బొటనవేలు తప్పే. దవడ అలగ పట్టుకుంటే పీచు రాదు, తెగిపోద్ది" అన్నాడు. ఆర్ట్ అన్లేదు, కాదనీ అన్లేదు, లేచి పడుకోడానికి వెళ్ళిపోయాడు.

నేను అప్పట్నించి ఆ వేలు దగ్గరే ఆగిపోయాను, నాలుగుసార్లు చెరిపి గీశా. పొందూరు వైపు ఎవరైనా ఉంటే పత్తి ఏకేటప్పుడు వాలుగ దవడ ఎలా పట్టుకుంటారో దగ్గర్నించి ఫొటో తీసి పెట్టగలరా? కుడిచెయ్యి కనిపించేలా. మొహం అక్కర్లేదు.