మామిడి పలకలు బూడిదరంగుకు తిరిగితే తప్పు కిల్న్‌దా, దుంగదా?

ఒంగోలు అడితి: ఆరబెట్టి తెచ్చిన మామిడి పలకలు పైకి తెల్లగానే ఉన్నాయి, చిత్రిక పట్టగానే లోపల బూడిదరంగు తేలింది. కిల్న్‌లో (కలపను వేడిగాలితో ఆరబెట్టే గదిలో) మొదటి రోజే 60 డిగ్రీల వేడి పెట్టడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం.

కావలి కిల్న్: దుంగ కోతకు ముందు ఎన్నాళ్లు పడి ఉందో చెప్పకుండా వేడిని నిందించడం న్యాయం కాదు. చెక్కలో చెమ్మ 20 శాతానికి పైన ఉన్నంతకాలం నీలి బూజు పెరుగుతూనే ఉంటుంది, పైగా మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురే. 60 డిగ్రీల వేడి బూజును చంపుతుందే తప్ప పుట్టించదు.

ఒంగోలు అడితి: నేను బూజు గురించి అడగలేదండీ. చెమ్మ 30 శాతానికి దిగేవరకు వేడి 45 డిగ్రీలు దాటకుండా చూసి, గాలి బాగా ఆడించి, తేమను బయటికి పంపితేనే లేత రంగు కలప తెల్లగా నిలుస్తుంది. వేడి తడిగాలిలో మగ్గితే చెక్కలోని చక్కెరలు, ఫినాలిక్ పదార్థాలు మార్పు చెంది రంగు తిరుగుతుంది.

కందుకూరు వడ్రంగి: మచ్చ బద్దల (గాలి ఆడేందుకు పలకల మధ్య పెట్టే సన్నని చెక్కల) కింద చారలుగా పడిందా, పలకంతా పడిందా? చారలైతే బద్దలు తడివి.

ఒంగోలు అడితి: పలకంతా.

ఉదయగిరి చెక్కపని: ఆవిరి పట్టి మొత్తం ముదురు చేసుకోరాదా? విదేశాల్లో వాల్‌నట్‌కు అదే చేస్తారు.

ఒంగోలు అడితి: అది పచ్చి చెక్కకు చేసే పని. నా కొనుగోలుదారు తెలుపే అడిగి, సరుకంతా తిప్పి పంపారు.

కావలి కిల్న్: నిరుడు మీలాంటి అడితిదారు ఒకరు తెలుపే కావాలని పట్టుబడితే పొడిగాలితో త్వరగా ఆరబెట్టాను. పలకలు పగిలాయని ఆయన అద్దె ఎగ్గొట్టారు. ఆనాటి నుంచి మొదట్లో గదిలోని గాలిలో తేమ తగ్గనివ్వను.

ఒంగోలు అడితి: ఇప్పుడు అసలు సంగతి బయటపడింది! పగుళ్ల నష్టం మీకు రాకూడదని రంగు నష్టం నా నెత్తిన వేశారన్నమాట.

కావలి కిల్న్: నేను తీసుకునేది ఆరబెట్టినందుకు అద్దె, రంగుకు పూచీ అందులో లేదు. పగిలితే నష్టం మీదేనని రాసిస్తే రేపే తెల్లగా ఆరబెట్టి ఇస్తాను.

ఒంగోలు అడితి: రాసిస్తాను. కోసిన పలకలు వచ్చిన రోజే లోపలికి ఎక్కిస్తానని మీరూ రాయాలి. దుంగ ఆలస్యం గురించి అడిగిన మీరు, పచ్చి పలకలు మీ షెడ్డులో ఎన్నాళ్లు పేర్చి ఉన్నాయో చెప్పలేదు.

కందుకూరు వడ్రంగి: మధ్యలో బద్దలు వేసి పేర్చారా, వేయకుండానా?