టోంగాలో ఈ మోర్మన్ కుర్రాళ్ళు చేస్తున్నది సేవా, మతప్రచారమా?

రమణ_యూటా:
మా పక్కింటి అబ్బాయి 18 నిండగానే మోర్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) మిషనరీగా టోంగా అనే పసిఫిక్ ద్వీపదేశానికి వెళ్ళాడు. రెండేళ్ళు అక్కడే. సోమవారం వాళ్ళకి బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఉత్తరాలు రాసుకునే రోజు. ఆ మెయిల్ వాళ్ళమ్మ మాకూ పంపుతుంది. ఈసారి రాసింది చదివి మనసు నిండిపోయింది. మంగళవారం అతనూ, జోడీగా ఉండే టోంగా కుర్రాడూ కలిసి ఒక ముసలమ్మ పెండలం తోటలో కలుపు తీశారట. బుధవారం గాలికి లేచిపోయిన ఆవిడ వంటపాక రేకులు బిగించారు. గురువారం ఇళ్ళు తిరిగి వాక్యం చదివారు. శనివారం మళ్ళీ తోటపని. ఆదివారం ఆ దేశంలో పని చెయ్యకూడదని రాజ్యాంగమే చెప్తుంది కాబట్టి చర్చికి వెళ్ళి, ఎవరింట్లోనో భోంచేశారు. చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు చుట్టి వేడి రాళ్ళ మీద ఉడికిస్తారట. జీతం లేదు సరికదా, నెలనెలా చర్చికి ఇంటివాళ్ళే డబ్బు కడతారు. ఆ వయసులో మన పిల్లలు కోచింగ్ హాస్టల్లో ఉంటారు. మీరేమంటారు?

పద్మజ:
చాలా మంచి విషయం అండీ. మావాడు కంచం కూడా తియ్యడు.

దివిసీమ_మనిషి:
ఆ ముసలమ్మ ఏ చర్చికి వెళ్తుంది?

రమణ_యూటా:
అది మెయిల్‌లో లేదండీ. దానితో పనేముంది?

దివిసీమ_మనిషి:
దానితోనే పని. మంగళవారం కలుపు తీసి, బుధవారం రేకులు బిగించి, గురువారం వాక్యం చదివింది ఎవరింట్లో? మిషనరీ పని జనాన్ని బాప్టిజం దాకా తీసుకురావడమేనని ఆ చర్చి దాచకుండానే చెప్తుంది. సేవ దానికి ముందు మెట్టు. ఆ డబ్బు వాళ్ళే కట్టుకుంటే అది త్యాగం ఎలా అవుతుంది? తమ చర్చి పెరగడానికి పెట్టిన ఖర్చు.

కిరణ్:
ఇంటివాళ్ళు కట్టే డబ్బుతో నెల ఎలా గడుస్తుంది? టికెట్లు కూడా అందులోనేనా?

రమణ_యూటా:
అమెరికా నుంచి వెళ్ళే కుర్రాళ్ళందరూ ఒకే మొత్తం కడతారు, ఏ దేశానికి పంపినా చర్చి సర్దుతుంది. ఖరీదైన ఊరికి వెళ్ళినవాడూ, చౌక ఊరికి వెళ్ళినవాడూ ఒకటే. నాకు ఆ పద్ధతి కూడా నచ్చింది.

సుజాత_ఆక్లాండ్:
నేను ఇక్కడ నర్సుని, నా వార్డులో సగం మంది టోంగా, సమోవా వాళ్ళే. ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. టోంగా అమాయకపు ద్వీపమేం కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే రాజుతో సహా మెథడిస్టులయ్యారు, అదీ ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖే. మోర్మన్లు 1891లో వచ్చారు, అప్పటికే అది క్రైస్తవ దేశం. జనాభా లెక్కల్లో ఇప్పుడు టోంగాలో దాదాపు ఐదో వంతు మోర్మన్లు. ఆ చర్చి చెప్పుకునే సంఖ్య అయితే దేశంలో సగానికి మించి ఉంటుంది. రెండు లెక్కలకీ అంత తేడా ఎందుకంటే ఒకసారి బాప్టిజం పొందినవాడు తర్వాత రాకపోయినా పేరు రిజిస్టర్లో ఉంటుంది. కాబట్టి అమెరికా పిల్లవాడు వచ్చి మార్చేస్తున్నాడనడం సగం మాటే. పక్కనున్న టోంగా కుర్రాడు కూడా మిషనరీయే కదా. మా వార్డులో పనిచేసే అమ్మాయి ఏడాదిన్నర మిషన్ చేసి వచ్చింది, దాని గురించి గర్వంగా చెప్తుంది.

దివిసీమ_మనిషి:
సుజాత గారూ, ఆ ఐదో వంతు ఎలా వచ్చింది? బడులు కట్టి. లియహోనా హైస్కూల్ వాళ్ళదే కదా. పిల్లల చదువు కావాలనుకునే తల్లి ఏం చేస్తుంది? పాలినీషియా వాళ్ళు, అంటే టోంగా, సమోవా లాంటి దీవుల జనం, మోర్మన్ గ్రంథంలో చెప్పిన మనుషుల వంశస్థులేనని వాళ్ళకి దశాబ్దాలుగా బోధించారు. నల్లజాతి మగవాళ్ళకి 1978 దాకా పూజారి హోదా ఇవ్వలేదు. ఇవి చెప్పి కలుపు తియ్యమనండి.

సుజాత_ఆక్లాండ్:
1978 సంగతి నిజమే, దాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ బడి విషయంలో ఒప్పుకోను. ఆ బడిలో చదివి నర్సులైనవాళ్ళు నా పక్కనే డ్యూటీ చేస్తున్నారు.

శేఖర్:
మళ్ళీ మతం గొడవేనా. మోడరేటర్ గారూ.

రమణ_యూటా:
వాళ్ళమ్మని అడిగాను. ముసలమ్మది వెస్లియన్ చర్చి, అంటే సుజాత గారు చెప్పిన మెథడిస్టులదే. గురువారం చదివింది ఆవిడ మనవడితో, వాడే రమ్మన్నాడట. ఇప్పుడు సంతోషమా?

దివిసీమ_మనిషి:
నేను అన్నదే అయింది.

రమణ_యూటా:
ఏం అయిందండీ? మనవడు రమ్మన్నాడు! మీకు ఎవరు ఏం చేసినా వెనక కుట్రే కనిపిస్తుంది. రేకులు బిగించిన చేతుల్ని కూడా అనుమానించే మనుషులతో ఏం మాట్లాడతాం?

దివిసీమ_మనిషి:
అనుమానం కాదు, అనుభవం. 1977 ఉప్పెనలో మా ఊళ్ళో ఇళ్ళు మిగల్లేదు. ఒక సంస్థ వచ్చి మా తాతకి పక్కా ఇల్లు కట్టించింది. బలవంతం ఎవరూ చెయ్యలేదు. వారానికోసారి ప్రార్థనకి పిలిచేవాళ్ళు, అంతే. ఆయన వెళ్ళేవాడు. నమ్మకం ఉండి కాదు, ఇల్లు ఇచ్చినవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడితే రానని చెప్పలేక. ఊళ్ళో బంధువులు మాట్లాడటం మానేశారు. చివరిదాకా అటూ కాక, ఇటూ కాక ఉండిపోయాడు. అందుకే అడిగాను ఆ ముసలమ్మది ఏ చర్చి అని. రేపు ఆ పిల్లలు రమ్మంటే ఆవిడ వద్దనగలదా? నాకు కావలసిన జవాబు అదొక్కటే.

పద్మజ:
అయ్యో. ఇది ముందే చెప్పాల్సింది మీరు.

రమణ_యూటా:
మీ తాతగారి విషయం విని బాధ కలిగింది. అయినా నా మాట మారదు, ఎందుకో చెప్తాను. మాది ఉద్దానం. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా నాన్న కొబ్బరిచెట్లన్నీ పడిపోయాయి. పడ్డ చెట్లు కొట్టి తీయడానికి మనిషి దొరకలేదు. నేను ఇక్కడి నుంచి డబ్బు పంపగలిగాను, మనుషుల్ని పంపలేకపోయాను. ఆ రోజు ఎవరైనా ఇద్దరు కుర్రాళ్ళు గొడ్డలి పట్టుకుని వచ్చి ఉంటే, సాయంత్రం ఏ పుస్తకం చదువుతామన్నా మా నాన్న కూర్చుని వినేవాడు. నేనూ వద్దనను.

దివిసీమ_మనిషి:
చూశారా, విని తీరాలి. వినకపోతే చెట్లు కొట్టరా?

రమణ_యూటా:
వినకపోయినా కొడతారనే నా నమ్మకం. ఆ అబ్బాయి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

దివిసీమ_మనిషి:
అతని గురించి కాదు నేను అనేది. అతను మంచివాడే అయి ఉంటాడు. మా తాతకి ఇల్లు కట్టినవాళ్ళూ మంచివాళ్ళే.

సుజాత_ఆక్లాండ్:
అక్కడ ఒక చిన్న తేడా ఉంది. టోంగాలో ఒకే ఇంట్లో ఒకరు వెస్లియన్, ఒకరు మోర్మన్, ఒకరు కేథలిక్ ఉండటం చూస్తుంటాం. బంధుత్వం తెగదు, చావుకీ పెళ్ళికీ అందరూ చాపలు, దుంపలు మోసుకొస్తారు. మీ తాతగారికి వచ్చిన కష్టంలో ఇల్లు ఇచ్చినవాళ్ళతోపాటు మాట్లాడటం మానేసిన బంధువుల పాలూ ఉంది కదండీ.

దివిసీమ_మనిషి:
ఉంది. అందులో మా నాన్న కూడా ఉన్నాడు. ఈ పూటకి ఇక రాయలేను.

కిరణ్:
రమణ గారూ, వచ్చే సోమవారం మెయిల్ కూడా పెట్టండి. ఆవిడ మనవడు చర్చి మారాడో లేదో తెలియాలి.