పైథాన్‌లో మాట వెతకాలంటే ఇన్ రాయాలా, ఫైండ్ రాయాలా?

అలిపిరి_మెట్లు: తిరుపతిలో ఒక పార్సిల్ ఆఫీసుకు చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నా. అడ్రసులో "తిరుపతి" ఉంటే లోకల్ ఆటోకి వెళ్లాలి. ఇఫ్ అడ్రస్.ఫైండ్("తిరుపతి") అని పెట్టా. పలమనేరువన్నీ ఆటో ఎక్కుతున్నాయి. "తిరుపతి, కొర్లగుంట" అని మొదలయ్యేవి మాత్రం కదలడం లేదు!

తోతాపురి: ఫైండ్ ఇచ్చేది మాట ఎన్నో చోట ఉందనే నంబరు, లెక్క 0 నుంచి. మాట మొదట్లోనే దొరికితే 0 ఇస్తుంది. ఇఫ్‌కి 0 అంటే లేదనే. దొరక్కపోతే మైనస్ 1, అది ఇఫ్‌కి ఉన్నట్టే లెక్క. ఇఫ్ "తిరుపతి" ఇన్ అడ్రస్ అని రాయి. ఫైండ్ జోలికే పోవద్దు.

పాతకాపు: జోలికే పోవద్దంటే ఎట్లా సామీ? "పిన్" అనే మాట ఎక్కడుందో తెలిస్తేనే కదా పక్కనున్న 6 అంకెలు తీసేది? ఇన్ ఉందో లేదో చెప్పి ఊరుకుంటుంది. మైనస్ 1 అవునా కాదా అని చూసుకుంటే సరి.

కాణిపాకం_కుర్రోడు: ఇంగ్లీషు అడ్రసులుంటే ముందు లోయర్ చెయ్యన్నా, అన్నీ చిన్నక్షరాలైపోతాయి.

తోతాపురి: చోటు కావాలంటే ఇండెక్స్ ఉంది. దొరక్కపోతే వేల్యూఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఫైండ్ ఇచ్చిన మైనస్ 1 నుంచి ముక్క కోస్తే చివరి అక్షరం వస్తుంది, ఎర్రర్ కూడా రాదు. మామిడి సీజన్‌లో ఒక గుజ్జు ఫ్యాక్టరీ బిల్లుల్లో ఇదే జరిగింది. "లాట్" అనే మాట లేని లైన్లన్నిట్లో లాట్ నంబరు ఒక్క అక్షరమే. రెండు రాత్రులు చిత్తూరులోనే పడుకున్నా.

పాతకాపు: చూడకుండా కోసి కత్తిని తిడితే ఎట్లా? ఉందా లేదా అంటే ఇన్, చోటు కావాలంటే ఫైండ్ అని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.

తోతాపురి: నేను చెప్పిందీ అదే కదా!

పాతకాపు: మీరు చెప్పింది జోలికే పోవద్దని. పైకెళ్లి చదువుకోండి.

తోతాపురి: కోసింది నేను కాదండీ. చూసుకుంటే సరి అనే మీలాంటి సీనియరే. ఆయన మానేసి వెళ్లాడు, ఓనరు తిట్లు నాకు.

పాతకాపు: అదీ సంగతి. నా బాధ వేరు. నా దగ్గరికొచ్చే ట్రైనీలకు 0కీ లేదుకీ తేడా తెలీదు. వద్దు వద్దని దాచిపెడితే ఎప్పటికి తెలుస్తుంది?

తోతాపురి: నేర్పండి, ఎవరొద్దన్నారు? పక్కవాళ్ల బిల్లుల మీద మాత్రం కాదు.

అలిపిరి_మెట్లు: అన్నలూ, ఇన్ పెట్టా. పలమనేరువి ఆగాయి. ఇప్పుడు చిత్తూరులో ఉండే తిరుపతిరెడ్డి గారి పార్సిల్ ఆటో ఎక్కింది.

కాణిపాకం_కుర్రోడు: 😂 పేరు వదిలెయ్ అన్నా, పిన్‌కోడ్ చూడు.

పాతకాపు: పిన్ తీయాలంటే ఫైండే.

తోతాపురి: ఇండెక్స్.