వరదలో కాలనీ మునిగితే అసలు ఎవరిని అడగాలి?

నాలా పక్కింటోడు, హన్మకొండ:
2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు మా ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే అవి చెరువు నీళ్లు, మాకు సంబంధం లేదన్నారు. చెరువు చూసేవాళ్లను అడిగితే నాలా మాది కాదన్నారు. మూడోచోట "వివరాలు వాట్సాప్‌లో పెట్టండి" అన్నారు. అప్పటికే ఫ్రిజ్ తేలుతోంది! చట్టం ప్రకారం ఈ బాధ్యత ఎవరిది?

రిటైర్డ్ గిర్దావరు:
తమ్మీ, కాగితం మీద జవాబు సులువే. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి జిల్లాకూ ఒక అథారిటీ ఉంటుంది. దానికి కలెక్టరే చైర్మన్, అన్ని శాఖలకూ పని పురమాయించవచ్చు. మరి ఆయనకు సమయానికి కబురు చెప్పేదెవరు?

మా రోజుల్లో, అంటే నేను గిర్దావరుగా (రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా) ఉన్నప్పుడు, ముసురు పట్టిందంటే చెరువు నీళ్లు చూసే నీరటి పార భుజాన వేసుకుని కట్ట మీదికి పోయేవాడు. మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొంగిపోయే చోటు) ఎంత ఎత్తున దుంకుతోంది, కట్ట ఎక్కడ చెమ్మగిల్లింది, అన్నీ చూసేవాడు. ఎండ్రికాయ బొక్క కనబడితే ముందు మట్టి కొట్టి, తర్వాత కబురు మోసే మస్కూరిని మా దగ్గరికి పంపేవాడు. అర్ధరాత్రయినా తలుపు కొట్టేవారు. 2020లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ తీసేశారు, 2023లో వీఆర్ఏలను, అంటే నీరటి, మస్కూరి లాంటి ఊరి సహాయకులను, వేరే శాఖల్లో సర్దారు. వీఆర్వోల లంచాల మీద ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి, నేనేం వెనకేసుకురాను. కానీ ఆ తలుపు కొట్టే మనిషి కూడా వాళ్లతోనే పోయాడు.

పర్కాల పోరడు:
సార్, వీఆర్ఏల్లో కొందరిని చెరువులు, కాలువలు చూసే లష్కర్లుగా ఇరిగేషన్‌కే ఇచ్చారు కదా? అయినా 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. దానికి నీరటి ఏం చేస్తాడు?

రిటైర్డ్ గిర్దావరు:
వానను ఎవడూ ఆపలేడు బిడ్డా. అవే వానలకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగితే జనం ఇళ్ల మీదికి ఎక్కారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. రెండు గంటల ముందు తెలిసినా గుట్ట మీదికి నడిచిపోదురు. లష్కర్లను ఇచ్చారు, నిజమే. ఆ చెరువుకు ఆ ఊరి మనిషే ఉన్నాడా అన్నది చూడాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆకేరు వాగు వరంగల్, మహబూబాబాద్ దాటి ఖమ్మం పోతుంది. ఇప్పుడు వాగు ఒకటి, కలెక్టర్లు ముగ్గురు. పై జిల్లాలో మత్తడి పడ్డ సంగతి కింది మండలానికి చెప్పడం ఫలానా ఉద్యోగి పని అని రాసి ఉండాలి. లేకపోతే ఎవరూ చెప్పరు.

లెక్కల మాస్టారు, జనగామ:
డబ్బు సంగతీ చూడండి. 15వ ఆర్థిక సంఘం రాష్ట్ర విపత్తు నిధుల్లో 20 శాతం నష్టాన్ని ముందే తగ్గించే పనులకని విడిగా పెట్టింది. మీ నాలాకు అందులోంచి ఏమైనా అడిగారా? ఇందాకటి 2005 చట్టం ప్రకారం జిల్లా విపత్తు ప్రణాళిక ఉండాలి, ఏటా సవరించాలి. సమాచార హక్కు కింద దాని కాపీ అడగండి. మీ నాలా పేరు ఏ అధికారి కింద ఉందో చూడండి, అసలు ఉంటే.

నాలా పక్కింటోడు:
సరే మాస్టారూ, సోమవారం పెడతా. ఫీజు ఎంత?

లెక్కల మాస్టారు, జనగామ:
జిల్లా ఆఫీసుకు 10 రూపాయలు, మండలానికి 5. రసీదు మర్చిపోకండి.