స్టీల్ క్లా: 2005 పుస్తకమూ, 2021 పుస్తకమూ రెండూ కొనాలా?

పాత బ్రిటిష్ కామిక్స్ రీప్రింట్లు సేకరించేవాళ్ళు ఎవరైనా ఈ చిక్కు విప్పుతారా?

1962 అక్టోబరు 6న వేలియంట్ వారపత్రిక తొలి సంచికలో మొదలైన 'ది స్టీల్ క్లా' గురించి. కరెంటు షాక్ తగిలితే ఒళ్ళంతా మాయమై ఉక్కు చెయ్యి మాత్రమే కనిపించే లూయిస్ క్రాండెల్ కథ. (తమిళ పాఠకులకు ఈయనే 'ఇరుంబుక్కై మాయావి', 1972 నుంచీ!) హెసూస్ బ్లాస్కో గీసిన నలుపు తెలుపు నీడల కోసం ఎన్నిసార్లయినా చూడొచ్చు.

నా దగ్గర దీని రీప్రింట్ పుస్తకం, రెబెలియన్ వాళ్ళు 2021లో వేసిన 'ఇన్విజిబుల్ మ్యాన్' ఉంది. టైటన్ వాళ్ళు 2005లో వేసిన 'ది వానిషింగ్ మ్యాన్' ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, కానీ ధర బాగా ఎక్కువ, పైగా పోస్టేజీ విడిగా. రెండూ మొదటి కథతోనే మొదలవుతాయని తెలుసు. ఎక్కడ ఆగుతాయన్నదే సమస్య. అమ్మకందారుని విషయసూచిక, చివరి పేజీ ఫోటోలు అడిగితే అట్ట ఫోటోనే మళ్ళీ పంపాడు. ఆన్‌లైన్ వివరణల్లో కథ సారాంశం తప్ప సంచికల తేదీలు లేవు. పేజీల సంఖ్య పోల్చి చూశాను గానీ, ముందుమాటలు కలిసిపోవడంతో లెక్క తేలలేదు. ముద్రణ నాణ్యత కోసమైతే రెండోది కొనను, కథ కోసమే.

రెండు పుస్తకాలూ ఉన్నవాళ్ళు చెప్పండి: 2021 పుస్తకంలో లేని కథాభాగం 2005 దాంట్లో ఏమైనా ఉందా?